ఏడేళ్ళు పొంగని పాలు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టుకున్న ఇంట్లో పొయ్యి వెలిగించకుండా ఏడేళ్ళు కాపరం చేసి చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. ఆ మాట చెప్పే అర్హత నాకుంది. నేను చేశాను.

అరవైల చివర్లో మేము నానక్‌రామ్‌గూడ దాటి నార్సింగి వెళ్ళే బాట పక్కన స్థలం కొన్నాం. ఇప్పుడు అక్కడ నిలబడి అద్దాల మేడల చివర చూడాలంటే మెడ నొప్పి పుడుతుంది. అప్పుడు తలెత్తి చూడాల్సినవి గుండ్లే. పెద్ద పెద్ద రాతిగుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు. మావారు పట్నంలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఆయన జీతానికి దొరికిన చోటు అదే. బాపట్ల వైపు నుంచి వచ్చిన మా చుట్టాలు చూసి, "ఇక్కడ తేళ్ళు కూడా అద్దెకుండవే అమ్మాయ్" అని నవ్వి పోయారు. తేళ్ళు ఉండేవి. అద్దె మాత్రం ఇచ్చేవి కావు.

ఆఫీసు వాళ్ళిచ్చిన ఇంటి అప్పుతో రెండు గదులు, ఒక వసారా, ఒక వంటిల్లు లేచాయి. గదుల మాట ఎలా ఉన్నా వంటిల్లు మాత్రం నేను కోరి కట్టించుకున్నాను. నిలబడి వండుకునేలా నా నడుం ఎత్తుకు గట్టు, గట్టు మీద రెండు కళ్ళ మట్టి పొయ్యి, పొగ పోవడానికి గొట్టం. కూర్చుని వండే రోజులవి. "నిలబడి వండుతరా అమ్మా, కాళ్ళు గుంజవా?" అని మేస్త్రి నన్ను వింతగా చూశాడు. గుంజితే నా కాళ్ళే కదా అన్నాను.

గృహప్రవేశానికి మూడు రోజుల ముందు మా అత్తగారు, ఇక మా దగ్గరే ఉండిపోవడానికి వచ్చింది. అప్పటికి ఆవిడకు అరవై ఒకటి. సన్నగా, పొట్టిగా, చీపురుపుల్లలా ఉండేది. నోరు మాత్రం ఇంటికి రెట్టింపు. పాలు పొంగించడానికని ఇత్తడి గిన్నె ఒకటి చింతపండుతో తోమి తళతళలాడించి తెచ్చింది. ముహూర్తం వేళకు ఆ గిన్నెలో పాలు పోసి పొయ్యి దగ్గరకు వెళ్తూ, "ఇంటి కాగితాలు దేవుడి దగ్గర పెట్టు నాన్నా" అంది కొడుకుతో.

"కాగితాలు ఆఫీసు బీరువాలో ఉన్నాయమ్మా. ఇల్లు వాళ్ళకి తాకట్టు కదా. పదిహేనేళ్ళు నెలనెలా జీతంలో కోసుకుని, అప్పుడిస్తారు" అన్నారు మావారు. మన కాగితాలు సర్కారు దాచిపెట్టడం ఏదో గౌరవమైనట్టు చెప్పారు.

అత్తగారు గిన్నె దించేసింది. "అయితే ఇది మన ఇల్లు కాదు" అంది.

పంతులుగారు ముహూర్తం దాటిపోతోందని గోల పెట్టారు. "మీ పూజ మీరు కానివ్వండి. పాలు మాత్రం నేను పొంగించను" అని ఆ గిన్నె పట్టుకుని పెరట్లోకి నడిచింది. అక్కడ తాపీవాళ్ళు సిమెంటు దాచుకోవడానికి వేసుకున్న తాటికమ్మల పాక ఒకటి ఇంకా నిలబడి ఉంది. మూడు ఇటుకలు పేర్చి, చితుకులు అంటించి, పాలు పైకొచ్చే వేళకు నాలుగు నీళ్ళ చుక్కలు చిలకరించి దించేసి, వచ్చినవాళ్ళకి కాఫీలు ఇచ్చింది. మా కొత్తింట్లో మొదటి వంట ఇంట్లో కాలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళయి రెండేళ్ళు కూడా కాని కోడలిని, ఆ గట్టు ఎత్తు కొలిపించుకోవడానికి నాలుగుసార్లు ఎండలో నడిచి వచ్చినదాన్ని. అందరూ వెళ్ళాక అడిగేశాను.

"ఆఫీసేమన్నా షావుకారా అత్తయ్యగారూ, ఇల్లు లాక్కోవడానికి?"

ఆవిడ వంకాయలు తరుగుతోంది. తల ఎత్తకుండానే చెప్పింది. "నేను కాపరానికొచ్చిన ఏడాది మీ మామగారు ఇల్లు కట్టారు. తాకట్టు పెట్టే కట్టారు. పట్టుచీర కట్టుకుని పాలు పొంగించాను. మూడో ఏడు షావుకారు మనుషులతో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. పొయ్యి మీద పప్పుంది, ఉడికేదాకా ఆగవయ్యా అన్నాను. ఆగలేదు. సగం ఉడికిన పప్పు పట్టుకుని రోడ్డు మీదికొచ్చాను. తర్వాతంతా అద్దె కొంపలే. అద్దె కొంప మనది కాదని తెలిసే వండుతాం, బాధుండదు. మనదనుకుని వండింది పోతేనే కడుపు రగిలేది."

తర్వాత వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. "పదిహేనేళ్ళంటే నాకు డెబ్బై ఆరు. మా పుట్టింట్లో ఏ ఆడదీ డెబ్బై చూడలేదు. పోనీలే, మీరు పొంగించుకుందురు గాని" అంది, రేపు ఎండ ఎక్కువుంటుంది అన్నంత మామూలుగా.

ఆ మాటకు నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ సాయంత్రం వసారాలో కూర్చుని మావారితో అన్నాను: "ఏవండీ, ఆవిడ చేత్తోనే ఆ పొయ్యి వెలగాలి. పదిహేనేళ్ళు ఆగడానికి వీల్లేదు." ఆయన, మిగిల్చిందంతా ఏడాదికోసారి అదనంగా కట్టేస్తే సగం కాలంలో తీరుతుందేమో అన్నారు. ఏం మిగులుతుంది మనకి అని మాత్రం ఇద్దరం ఒకరినొకరం అడగలేదు.

మర్నాటి నుంచి మొదలైంది. మాకు పాలు పోసే ఆవిడ నానక్‌రామ్‌గూడ మనిషి. రెండు బర్రెలుండేవి. పాలక్క అనేవాళ్ళం. మొదటిరోజే పెరట్లో పొయ్యి చూసి నోరు తెరిచింది.

"గిదేంది పెద్దమ్మా! గింత మంచిగ ఇల్లు కట్టుకొని గుడిసెల వండుడేంది?"

"ఇల్లు తాకట్టులో ఉందమ్మా."

"ఓ, కుదువల ఉన్నదా? అయితే ఇడిపించుకోవాలె. దానికింత పరేషానెందుకు? జర చెయ్యి బిగవట్టుండ్రి, అదే అయితది."

చెయ్యి ఎలా బిగపట్టాలో కూడా తనే నేర్పింది. బియ్యం ధర మండుతోంటే రాత్రిపూట జొన్నరొట్టె చేసుకోమంది. నేను చేసిన మొదటి రొట్టెను పాలక్క బర్రె వాసన చూసి తల తిప్పేసుకుంది. నెల తిరిగేసరికి చెయ్యి కుదిరింది. అన్నం లేనిదే అది భోజనమే కాదనే అత్తగారు రొట్టెలో గోంగూర పచ్చడి నంజుకుని, "ఇది మా వాళ్ళకి తెలియక చెడిపోయారు" అనే దాకా వచ్చింది. గుండ్ల మధ్య ఎండుపుల్లలు ఏరుకున్నాం, పిడకలు చేసుకున్నాం. కట్టెల అడితికి వెళ్ళి రంపపు పొట్టు తెచ్చి, పాత డబ్బాలో దట్టించి పొట్టుపొయ్యి పెట్టుకున్నాం. దాని మీద ఒక్క డబ్బాతో రెండు పూటల వంట అయ్యేది. చీకటి పడకముందే తినేస్తే కిరసనాయిలు మిగిలేది. తెల్లారుతూనే లేస్తే ఇంకా మిగిలేది.

మావారు బస్సు మానేసి సైకిలెక్కారు. మెహిదీపట్నం దాకా ఎర్రమట్టి, అక్కడి నుంచి పొగ. ఆఫీసుకి చేరేసరికి ఆయన తెల్ల చొక్కా రెండు రంగుల్లో ఉండేది. కాలరు చిరిగితే విప్పి, తిరగేసి కుట్టేదాన్ని. రెండో వైపూ చిరిగాక ఆ చొక్కా మా అమ్మాయికి గౌనైంది, గౌను తర్వాత మసిగుడ్డైంది. మా అమ్మాయి ఆ ఇంట్లోనే పుట్టింది. వంట పెరట్లోనే చేస్తారని, ఇంట్లో చెయ్యరని అదొక లోకధర్మం అనుకునేది. పలక మీద ఇల్లు గీస్తే పక్కన పొగ వచ్చే పాక తప్పకుండా గీసేది.

అందరికంటే ఎక్కువ వదులుకున్నది అత్తగారే. మూడుపూటలా కాఫీ లేనిదే ఆవిడకు లోకం నడిచేది కాదు. దాన్ని ఒక పూటకు దించుకుంది. రెండో డికాక్షన్ కూడా పారబోయకుండా బెల్లం ముక్కేసుకుని తాగి, "బాగుంది" అని అబద్ధమాడేది. ఎంగిలి చేత్తో కాకిని తోలని పిసినారులమని మా చుట్టాలు అనుకుంటున్నట్టు తెలిసింది. కాకులు మా పెరట్లోకి రావడం ఎప్పుడో మానేశాయి, ఏం మిగిల్చేవాళ్ళం గనక. నిజం చెప్పొద్దూ, నాకు ఆ రోజుల్లో లేనితనం అనిపించలేదు. మేమంతా కలిసి దొంగచాటుగా ఏదో పెద్ద పని చేస్తున్నట్టు సరదాగా ఉండేది.

పాల దగ్గర మాత్రం సరదాలు చెల్లేవి కావు. ఒకరోజు పాలక్కతో కబుర్లలో పడి పాలు పొంగించేశాను. సగం బూడిద పాలయ్యాయి. అత్తగారు పరుగెత్తుకొచ్చి నా మీద విరుచుకుపడింది. "పాలు దండగైతే అయ్యాయి. సొంత పొయ్యి మీద పొంగాల్సినవి ఈ పాకలో పొంగుతాయా? అచ్చిరాదు!" అంది. ఆ రోజు నుంచి పాలు కాచడం ఆవిడే తీసుకుంది. పక్కనే చిన్న గ్లాసులో నీళ్ళు పెట్టుకుని, గొంతుక్కూర్చుని, కన్నార్పకుండా చూసేది. పాలు అంచుకి రాగానే వేళ్ళు నీళ్ళలో ముంచి చిలకరించేది. బుస్సుమని దిగిపోయేవి. ఒకరితో పోట్లాడుతున్నా సరే, చేయి దాని పని అది చేసుకునేది. ఆ తర్వాత ఒక్క చుక్క పొంగలేదు.

నాలుగో ఏడు వర్షాలకు పాక కప్పు లేచిపోయింది. నేను వసారాలోకి వచ్చి చూస్తే, అత్తగారు ఒక చేత్తో గొడుగు పొయ్యి మీద పట్టుకుని, రెండో చేత్తో పప్పు కలుపుతోంది. తను మాత్రం నిలువునా తడుస్తోంది. నాకు తిక్క రేగింది. "ఇవాళ లోపలే వండుతాను, ఎవరాపుతారో చూస్తాను" అని అరిచి, కట్టెలు తెచ్చి గట్టు మీది పొయ్యిలో పెట్టి, అగ్గిపుల్ల గీశాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. కిటికీలోంచి నన్ను చూస్తూ, గొడుగు కదలకుండా పట్టుకుని నిలబడింది. అన్నా బాగుండేది. పుల్ల నా వేలిదాకా కాలింది. ఊదేసి, బయటికొచ్చి, ఆ గొడుగు నేను పట్టుకున్నాను. ఒక అగ్గిపుల్ల దండగ.

దాంతో ఆవిడకు జ్వరం పట్టుకుంది. దగ్గు చీరకొంగు నోట్లో కుక్కుకుని దాచింది, మందులకు డబ్బు పోతుందని. పాలక్కే కనిపెట్టి కేకలేసింది. "పానం కంటె పైసలెక్కువనా పెద్దమ్మా? లే, దవాఖానకు పోదాం" అని తన చుట్టాల ఎడ్లబండి తెచ్చి ఎక్కించింది. న్యుమోనియా అన్నారు. పది రోజులు మంచం పక్కన కూర్చున్నాను. ఆవిడ కళ్ళు మూసుకున్నప్పుడల్లా నాకు ఆ పొయ్యే కళ్ళ ముందుండేది, చల్లగా, సున్నం కూడా మాయకుండా. ఆవిడ పోతుందేమోనని నిజంగా భయపడ్డాను. ఆ ఏడాది మిగిల్చినదంతా మందులకైపోయింది. లేచి కూర్చోగానే ఆవిడ అడిగిన మొదటి మాట, ఎంతయిందని. చెప్పాక ఊపిరితిత్తుల కోసం కాక ఆ డబ్బు కోసం ఏడ్చింది.

పోయిన ఏడాదిని తిరిగి తెచ్చినవి సీతాఫలాలు. దసరా ముందు నానక్‌రామ్‌గూడ ఆడవాళ్ళు గుండ్ల మధ్య పొదల్లోంచి గంపలు గంపలు కోసుకొచ్చేవాళ్ళు. పచ్చివి చవక, పండినవి పట్నంలో ప్రియం. పండబెట్టడానికి నీడ, వెచ్చదనం, ఎలుకలు రాని చోటు కావాలి. మా ఇంట్లో అలాంటి గది ఒకటి ఊరికే పడి ఉంది. వంటింట్లో పండ్లు పెట్టొచ్చా అని భయం భయంగా అడిగాను. అత్తగారు బాగా ఆలోచించి, "పండు తనంతట తానే పండుతుంది. పొయ్యి అక్కర్లేదు. పెట్టుకో" అని తీర్పు చెప్పింది. గట్టు మీద, గట్టు కింద, పొయ్యి రెండు కళ్ళల్లో కూడా గడ్డి పరిచి కాయలు పేర్చాం. కళ్ళు విచ్చుకున్న కాయలను ఆవిడ ఒక్కొక్కటీ బొటనవేలితో తాకి ఏరేది. ఒక్క కాయ నలగనిచ్చేది కాదు.

సైకిలు వెనక గంప కట్టుకుని పోవడానికి మావారు నామోషీ పడ్డారు. "సర్కారు ఉద్యోగి వ్యాపారం చెయ్యకూడదే" అన్నారు. "వ్యాపారం నాది. మీరు మోసేవాళ్ళు మాత్రమే" అన్నాను. వారం తిరగకుండా వాళ్ళ ఆఫీసరుగారి భార్య రెండు డజన్లు కావాలని కబురు పెట్టింది. ఇంక ఆయన నామోషీ కూడా పండి రాలిపోయింది. ఇల్లంతా సీతాఫలం వాసన. నా పెట్టెలో చీరలు కూడా అదే వాసన వేసేవి. అలా మూడు కాలాలు గడిచాయి. వండకుండానే ఆ వంటిల్లు తన అప్పు తాను తీర్చుకుంటోందని పాలక్క నవ్వేది.

ఏడో ఏడు ఆఖరి గంప వెళ్ళాక, మావారు ఆఫీసులో మిగిలిన బాకీ మొత్తం కట్టేశారు. అక్కడి క్యాషియరు నమ్మలేదట. "రిటైరైనా కొందరికి తీరదు. మీకేం లాటరీ తగిలిందండీ?" అని అడిగాడట. "లేదండీ, మా అమ్మ పెరట్లో వండుతోంది" అన్నారట ఈయన. అతనికి ఏమర్థమైందో తెలియదు గాని, బీరువా తెరిచి కాగితాలు ఇచ్చాడు.

ఆ సాయంత్రం మావారు సైకిలు ఆఫీసులోనే వదిలి బస్సులో వచ్చారు, కాగితాలు దారిలో జారిపోతాయని. మైనపు గుడ్డలో చుట్టి, చొక్కా లోపల పెట్టుకుని, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. ఆ వాలకం చూసి ఆయనకేదో నొప్పి వచ్చిందనుకున్నాను. కట్ట తీసి అమ్మ చేతిలో పెట్టారు. అత్తగారికి చదువు రాదు. ఆ ముద్రల మీద వేలితో మెల్లగా రాసింది. రాసి, కళ్ళు తుడుచుకుని, "బస్సుకెంతయింది?" అని అడిగింది.

మర్నాడు పొద్దున్నే స్నానాలు చేసి, వంటింట్లో గడ్డి ఊడ్చి, పొయ్యి అలికి ముగ్గు పెట్టాం. పంతులుగారిని పిలవలేదు. అది కూడా పొదుపే. పాలక్క చెంబు నిండా పాలు తెచ్చి, పైసా ముట్టనంది.

"గియ్యాల మాత్రం నీళ్ళు కలపలే పెద్దమ్మా, ఒట్టు."

"అంటే ఇన్నేళ్ళూ కలిపావన్నమాట."

"జరంత" అంది పాలక్క, సిగ్గు లేకుండా.

అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. గట్టు నా ఎత్తుకు కట్టించింది. అత్తగారు పొట్టి. గిన్నె అంచు ఆవిడ గడ్డం దగ్గరకు వస్తోంది. ఏడేళ్ళలో ఆ సంగతి ఎవరికీ తట్టలేదు, ఎవరు నిలబడ్డారు గనక! మావారు దేవుడి గదిలోంచి పీట తెచ్చి వేశారు. ఆ పీట మీద ఆవిడ తర్వాత ఇంకో పదకొండేళ్ళు నిలబడి వండింది, పుట్టింటి లెక్కలన్నీ తప్పని తేల్చింది. కానీ ఆ రోజు అది మాకెవరికీ తెలియదు.

పీటెక్కి పొయ్యి వెలిగించింది. ఇత్తడి గిన్నె పెట్టింది. పాలు పోసింది. మేమంతా చేతులు జోడించి నిలబడ్డాం. పాల మీద మీగడ ముడత పడింది, పక్కల బుడగలు లేచాయి, తెల్లగా పైకి పైకి వచ్చాయి. అంచు దాకా వచ్చాయి. "దండం పెట్టుకో" అన్నాను మా అమ్మాయితో.

అత్తగారి చెయ్యి కదిలింది. పక్కన గ్లాసులో వేళ్ళు ముంచింది. ఆ గ్లాసు అక్కడికి ఎప్పుడు తెచ్చి పెట్టుకుందో ఎవరం చూడలేదు. చిలకరించేసింది. పాలు బుస్సుమని అడుక్కి దిగిపోయాయి.

ఆవిడ తన వేళ్ళు తనే చూసుకుంటోంది, అవి ఎవరివో అయినట్టు.

"అయ్యో పెద్దమ్మా! గిదేం చేస్తివి!" అని పాలక్క నెత్తి కొట్టుకుంది.

మొదట నవ్వింది మా అమ్మాయి. తర్వాత మావారు గోడకానుకుని నవ్వారు. ఇంక అత్తగారు పీట మీద నుంచి దిగి, దాని మీదే కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. ఆవిడ అలా నవ్వగా నేను అంతకుముందు చూడలేదు. "పాపిష్టి చెయ్యే, ఏడేళ్ళ నుంచీ చేసిందే చేసింది. మళ్ళీ కూడా చేస్తుంది, నన్ను నమ్మకండి" అంది.

అందుకని రెండోసారి ఆవిడ పీటెక్కాక కుడిచెయ్యి నేను పట్టుకున్నాను. ఎడమచెయ్యి మనవరాలు పట్టుకుంది. గ్లాసు పాలక్క ఎత్తుకుపోయి వసారాలో పెట్టింది. నా చేతిలో ఆ చెయ్యి గరుకుగా, పొట్టుపొయ్యి కాలిన మచ్చలతో, పిడకల పగుళ్ళతో ఉంది. పాలు మళ్ళీ పైకొచ్చాయి. అంచు దగ్గరకు రాగానే ఆ చెయ్యి నా గుప్పిట్లో గింజుకుంది. గట్టిగా పట్టుకున్నాను.

పాలు పొంగాయి. గిన్నె నాలుగు పక్కలా కారి, కొత్త మట్టి మీద చుయ్యిమని, గట్టు మీదికి, గట్టు మీంచి నేల మీది షాబాదు బండల మీదికి పారాయి. మాడిన పాల వాసన ఇల్లంతా నిండింది.

"చాలే, చాలే అమ్మాయ్, దించు, అన్నీ పోతున్నాయి" అంది అత్తగారు, నవ్వుతూ ఏడుస్తూ.

"పోనివ్వండి అత్తయ్యగారూ" అన్నాను. "మన ఇంట్లోనే కదా."

ఆవిడ ఇంక గింజుకోలేదు. పాలు ఆగేదాకా నా చెయ్యి పట్టుకునే నిలబడింది.